మొహం చూసి చేసిన లెక్కలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, హోంవర్క్ ఇస్తే ఒక్కరూ సొంతంగా చేయడం లేదండీ, ఫోన్లో చూసి దించేస్తున్నారు" అని వాపోతారు. దించడం కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదని వాళ్లకి చెబుతాను. మా రోజుల్లో గైడు చూసి దించేవాళ్లు. గైడు కూడా అక్కర్లేకుండా, నా ఎదురుగా కూర్చుని, నా దగ్గర్నుంచే దించేసిన అమ్మాయి ఒకర్తి ఉండేది. తను దించుతున్నట్టు ఆ పిల్లకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ సంగతి బయటపడ్డానికి ఒక పరీక్ష పోవాల్సి వచ్చింది.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో కాపురముంటూ ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. కొల్లేటి సరస్సులో చేపల చెరువుల గట్లని ప్రభుత్వం కొట్టేయించిన రోజులవి. పొద్దున్నే ప్యాసింజరు రైలు ఎక్కితే అది చేబ్రోలు, పూళ్ల, భీమడోలు, దెందులూరు అన్నిటికీ పేరుపేరునా ఆగి, పవర్‌పేట దాటి ఏలూరులో దించేది. ఆడవాళ్ల పెట్టెలో మా కాలేజీ అమ్మాయిలు కొంతమంది వచ్చేవారు. వాళ్లలో ఎవరో ఒకసారి లెక్క రాలేదని పుస్తకం పట్టుకొచ్చింది. మర్నాడు ఇద్దరొచ్చారు. చూస్తుండగానే ఆ మూల సీట్లు నా తరగతి గదయిపోయాయి.

అక్కడ పాఠం కూడా స్టేషన్‌ని బట్టే ఉండేది. గూడెంలో ఎక్కిన వాళ్లకి పెద్ద లెక్క, భీమడోల్లో ఎక్కిన వాళ్లకి మధ్యరకం, దెందులూర్లో ఎక్కే అమ్మాయికి ఒక సూత్రం గుర్తు చేయడానికే టైముండేది. పూళ్లలో చేపల బుట్టలు ఎక్కేవి. వాటి నీళ్లు కాళ్ల కింద పారుతుంటే చెప్పులు పైకెత్తుకుని ఉష్ణగతిక శాస్త్రం చెప్పుకునేవాళ్లం. మా లెక్కల మాస్టారు, అంటే మేథమేటిక్స్ లెక్చరర్, స్టాఫ్ రూమ్‌లో నన్ను చూడగానే "ఏవండీ, ఇవాళ మీ రైలు కాలేజీలో అటెండెన్స్ ఎలా ఉందండీ?" అనేవాడు. నవ్వేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఆ గర్వానికి ఒక కారణముంది. నేను జవాబులు చెప్పేదాన్ని కాదు. "ఏమిచ్చారు? ఏమడిగారు? బొమ్మ వెయ్యి. తర్వాత?" ఇవే నా ప్రశ్నలు. తక్కినదంతా వాళ్లే చేయాలి. బయట ట్యూషన్లలో బోర్డు మీద చేసిపెట్టి రాసుకోమనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. నాది అసలైన పద్ధతని గట్టి నమ్మకం.

ఆ పద్ధతికి నా కళ్లముందు సాక్ష్యంగా కనిపించిన అమ్మాయి గూడెంలోనే ఎక్కేది. వాళ్ల నాన్నకి మార్కెట్ వీధిలో పరుపులు కుట్టే కొట్టుంది. ముస్లిం కుటుంబం. ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది ఈ పిల్లే. రోజూ ఆయన మోపెడ్ మీద స్టేషన్ దాకా దిగబెట్టి, షర్టు చేతికంటుకున్న దూది దులుపుకుంటూ, నాకు నమస్కారం పెట్టి వెళ్లేవాడు. పిల్ల నెమ్మదస్తురాలు, చురుకైంది. ఎంత చిక్కు లెక్కయినా భీమడోలు వచ్చేలోపు ముడి విప్పేది. తప్పుదారి పట్టినా రెండో అడుగులోనే తనంతట తనే ఆగి, కొట్టేసి, సరైన దారికొచ్చేది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతానంటే, తప్పకుండా చదవాలమ్మా అని నేనే ఎక్కించాను. మిగతా పిల్లలతో "ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని కూడా అనేదాన్ని.

రెండో ఏడాది పరీక్షలు రాసింది. అప్పట్లో ఏడాదికొక్కసారే పరీక్ష. థియరీ బట్టీ కొట్టి కొంత లాగొచ్చు గానీ, లెక్కల భాగం వదిలేస్తే పాసవడం కష్టం. ఫలితాలొచ్చాయి. క్లాసులో అంతంతమాత్రం అనుకున్న వాళ్లందరూ బయటపడ్డారు. ఈ పిల్ల ఫిజిక్స్ పోయింది. ఏదో పొరపాటు జరిగిందని నేనే దగ్గరుండి రీవాల్యుయేషన్‌కి కట్టించాను. ఏమీ మారలేదు.

కాలేజీ తెరిచిన మొదటివారం ప్లాట్‌ఫారం మీద వాళ్ల నాన్న ఒక్కడే కనబడ్డాడు.

"మేడం గారండీ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగండి. అమ్మాయి రాలేదేం?"

"రానంటోందండి. ఈ ఒక్క ఏడాదిలో పోయింది కూడా కలిపి పాసైతేనే కదండీ ఎమ్మెస్సీ. నా వల్ల కాదు, కొట్లో కూర్చుని దిండ్లకి గలీబులు కుడతాను అంటోందండి. నేను మానమనట్లేదండీ, అదే మానేస్తానంటోంది." నేలకేసి చూస్తూ అన్నాడు. "అదీ కాదండీ. రైల్లో చేసిన లెక్కలన్నీ రైటేనని రోజూ ఇంటికొచ్చి చెప్పేదండి. అన్నీ మీ ఎదురుగానే చేసేదంట. మరి పరీక్షలో ఒక్కటీ ఎందుకు రాలేదంటారండీ? తెలీక అడుగుతున్నానండి, మరోలా అనుకోకండి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. పరీక్షంటే భయపడుంటుందండీ అని ఏదో చెప్పాను. ఆ మాట నాకే అతికినట్టు లేదు. రేపట్నుంచి అమ్మాయిని పంపండి, సంగతేంటో చూద్దాం అన్నాను. రైలెక్కాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

పిల్ల వచ్చింది. మళ్లీ మునుపటిలాగే లెక్కలు ఇచ్చాను, మునుపటిలాగే చకచకా చేసింది. నాకేమీ అంతుపట్టలేదు. కనిపెట్టింది మా కెమిస్ట్రీ మేడం. ఆవిడ నాకంటే సీనియర్, నిడదవోలు దాకా వెళ్లాలి. సాయంత్రం రైల్లో ఒళ్లో పళ్లెం పెట్టుకుని మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేది. ఎవరి జోలికీ పోయేది కాదు. ఒకరోజు నేనిచ్చిన లెక్కని ఈ పిల్ల చేస్తుంటే, చేతిలో కాయ ఆపి కాసేపు చూసింది. పిల్ల గూడెంలో దిగి ముందుకెళ్లాక దిగబోతున్న నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏవండీ, ఒకటి చెబుతాను, కోప్పడకండి. ఆ అమ్మాయి పుస్తకం చూడట్లేదండీ."

"మరేం చూస్తోంది?"

"మీ మొహం చూస్తోందండీ. మీకు నచ్చని అడుగు వేసిందనుకోండి, మీ ఎడమ కనుబొమ ఇంత పైకి లేస్తుంది. అది చూసి టక్కున కొట్టేస్తోంది. రైటయితే మీరు తల ఊపుతారు. మీ తల ఊగేదాకా పెన్ను కదల్చట్లేదండీ."

దిగగానే రైలు కదిలిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి నవ్వాలో ఏడవాలో తెలీక, ఎడమ కనుబొమ తడుముకున్నాను. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ఒక తప్పుడు సూత్రం మనసులో అనుకున్నాను. నిజంగానే లేచింది.

మర్నాడు పిల్లతో చెప్పాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "అయితే ఇన్నాళ్లూ నాకేమీ రాదాండీ మేడం?" అంది. చాలా వచ్చమ్మా, ఏదైనా రెండు దారులుంటే అందులో ఏది సరైనదో తేల్చుకోవడం మాత్రం నాకు వదిలేశావు, అన్నాను. పరీక్ష హాల్లో దారి చెప్పే మొహం లేదు, అందుకే ఆగిపోయావు. ఆ పిల్ల కిటికీ బయటికి చూస్తూ, "నిజమేనండి. ఆ రోజు మొదటి లైను రాసి తల పైకెత్తానండి. ఎదురుగా గోడ ఉంది" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ అలాగే ఉంది.

సరే, మందు తెలిసింది కదా, వేసుకోవడమే మిగిలిందనుకున్నాను. అంత తేలిగ్గా జరగలేదు. "మీరు అటు తిరిగి కూర్చోండి మేడం గారూ" అని ఆ పిల్లే అడిగింది. కిటికీ వైపు తిరిగి దెందులూరు పొలాలు చూస్తూ కూర్చున్నాను. లెక్క మళ్లీ రైటే వచ్చింది. ఎలా వచ్చిందే అంటే, సిగ్గుపడుతూ, "తప్పు చేస్తే మీరు మెడ బిగబెడుతున్నారండి" అంది. పేపరు అడ్డం పెట్టుకున్నాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు తనే చెప్పేసింది, నేను పేపరు అంచు మీంచి చూసి ఇబ్బంది పడ్డప్పుడు పేజీ తిప్పడం ఆపేస్తున్నానట. పోలీసు డిపార్ట్‌మెంటులో వేస్తే పైకొచ్చే పిల్ల.

నేను లేచి వేరే పెట్టెలోకి వెళ్తే ఏ గొడవా ఉండదు కదా అని మీరు అనొచ్చు. అదీ చేశాను. అప్పుడు లెక్క అసలు ముందుకే కదలలేదు. మొదటి లైను రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాసి, ఏలూరు వచ్చేసరికి కాగితం నిండా కొట్టివేతలు. కళ్లనిండా నీళ్లు. నేను ఉంటే తన బుర్ర వాడదు, లేకపోతే బుర్ర పనిచేయదు. రంజాను నెల వచ్చింది. ఉపవాసం ఉండి కూడా రైలు మానలేదు. గుక్కెడు నీళ్లు తాగని పిల్లని గట్టిగా కోప్పడాలన్నా నాకు నోరొచ్చేది కాదు. చలికాలం వచ్చేసరికి నాకూ ఆశ సన్నగిల్లింది. మార్చిలో మళ్లీ పోతే కొట్లో కూర్చుంటుంది, అంతకంటే తనకి చదువు రాదని జీవితాంతం నమ్ముతుంది. ఆ రెండోదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

స్టాఫ్ రూమ్‌లో ఈ గోడు విన్న లెక్కల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మొహం దాచుకోవడమెందుకండీ? మొహంతో అబద్ధాలు చెప్పండి."

"మోసం కదండీ."

"చెప్పి చేస్తే మోసమెందుకవుతుందండీ? ఇవాళ్టి నుంచి నా మొహాన్ని నమ్మకు, అప్పుడప్పుడూ తప్పు చెబుతుంది అని ముందే చెప్పేయండి. ఆ మీద ఆ అమ్మాయి ఇష్టం."

వెటకారానికన్నాడో, నిజంగానే అన్నాడో తెలీదు గానీ నాకు నచ్చింది. పిల్లకి చెప్పాను. బిత్తరపోయి, "ఎప్పుడు అబద్ధమో ఎలా తెలుస్తుందండీ?" అంది. "తెలీదు. లెక్కని అడిగి తెలుసుకోవాలి" అన్నాను.

నటన నాకు బొత్తిగా చేతకాదు. అద్దం ముందు సాధన చేశాను. మా ఇంట్లో వాళ్లు నాకేదో పక్షవాతం వస్తోందని కంగారుపడ్డారు. తప్పు లైనుకి తల ఊపడం నేర్చుకున్నాను, రైటు లైనుకి కనుబొమ ఎత్తడం నేర్చుకున్నాను. భీమడోల్లో ఎక్కే అమ్మాయి సంగతి తెలీక నా కనుబొమ చూసి బంగారంలాంటి జవాబు కొట్టేసుకుంది, ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ పిల్ల మాత్రం మొదట్లో చిత్తుగా మోసపోయింది. రైటుగా చేసింది చెరిపేసి, తప్పు రాసి, నేను విషయం చెప్పగానే నీరసంగా వెనక్కి వాలేది. నెమ్మదిగా ఒక మార్పొచ్చింది. నా వైపు చూసేది, తర్వాత కాగితం చూసేది, మళ్లీ చూసేది. అనుమానం మొదలైంది. ఫిజిక్స్‌కి అనుమానం కంటే కావలసింది లేదు.

ప్రిపరేషన్ సెలవులు ఇచ్చేముందు ఆఖరి పనిరోజు వచ్చింది. ఆ రోజు ఇచ్చిన లెక్క చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. మరిగే నీళ్లు కొన్ని, మంచులా చల్లటి నీళ్లు అన్నే తీసుకుని కలిపారు. వేణ్ణీళ్లు పోగొట్టుకున్న వేడి ఎంతో, చన్నీళ్లు తీసుకున్న వేడీ అంతే. మరి మొత్తం ఎంట్రోపీలో, అంటే వేడిని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేదాంట్లో, మార్పెంత? పోయింది, వచ్చింది సమానమే కదా, మార్పు సున్నా అని నూటికి తొంభైమంది రాస్తారు. పక్కనున్న అమ్మాయిలిద్దరూ అప్పటికే సున్నా వేసి పెన్నుకి మూత పెట్టేశారు.

ఈ పిల్ల సున్నా వేయలేదు. వేణ్ణీళ్ల లెక్క ఒక పక్క, చన్నీళ్ల లెక్క ఒక పక్క చేసింది. లాగరిథమ్ పట్టిక తీసి చూసుకుంది. రెండూ కలిపితే ఒక చిన్న సంఖ్య మిగిలింది. అది రాసి తలెత్తింది. నేను నా కనుబొమని ఎంత పైకెత్తగలనో అంత ఎత్తాను. పెదవి కూడా విరిచాను. పక్క అమ్మాయి, "సున్నా కదే" అని గుసగుసగా అంది. పవర్‌పేట వచ్చింది, ఆగింది, కదిలింది. ఏలూరు వచ్చేలోపు కాగితం నా చేతికివ్వాలి.

పిల్ల పెన్ను తీసింది. కొట్టేస్తుందనుకున్నాను. పెన్ను ఆ సంఖ్య దగ్గరే ఆగింది. ఏదో తనలో తను అనుకుంది. తర్వాత ఆ సంఖ్య కింద గీత గీసి, కాగితం చించి నా చేతిలో పెట్టింది.

"మీరెలా చూసినా నేను మార్చనండి మేడం. వేడి ఒకటే గానీ, వేణ్ణీళ్లు అది ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చాయండి, చన్నీళ్లు తక్కువ దగ్గర తీసుకున్నాయండి. కింద భాగించేది చిన్నదైతే జవాబు పెద్దదవ్వాలి కదండీ. సున్నా ఎలా అవుతుంది?"

నేను కనుబొమ దించేశాను. ఎదురు సీట్లో కెమిస్ట్రీ మేడం కళ్లు తుడుచుకుంటూ, ధూళి పడిందంది. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరికీ నేనే టీ తెప్పించాను.

పోయిన ఫిజిక్స్ పేపరు మళ్లీ రాసే రోజు మా కాలేజీయే సెంటరు. ఏ సబ్జెక్టు పరీక్షైతే ఆ సబ్జెక్టు లెక్చరర్ హాల్లో ఉండకూడదని రూలు. స్టాఫ్ రూమ్‌లో, ప్రశ్నపత్రం ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఫలితం సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీకు ఆదుర్దా ఎందుకు. పాసైంది. పోయిన పేపరూ పాసైంది, ఆ ఏడాది పేపర్లూ పాసైంది. మార్కులు గొప్పవేం కావు. ఎమ్మెస్సీ సీటు వచ్చింది. వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి, నేనెంత వద్దన్నా వినకుండా ఒక పరుపు ఇచ్చి వెళ్లాడు. ఇంతకీ నేను చెప్పదలుచుకుంది ఫలితం గురించి కాదు, ఆ పరీక్ష రోజు సాయంత్రం గురించి.

తిరుగు రైల్లో ముగ్గురమే ఉన్నాం. కెమిస్ట్రీ మేడం, నేను, ఎదురుగా ఆ పిల్ల. పరీక్ష ఎలా రాశావని అడగకూడదని గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. పిల్ల కూడా ఏమీ చెప్పలేదు. ఇదివరకైతే హాల్లోంచి రాగానే పరుగెత్తుకొచ్చి, ఇది ఇంత వచ్చింది, రైటేనాండీ అని పీక్కుతినేది. ఆ రోజు జామకాయ కొనుక్కుని, ఉప్పుకారం అద్దుకుంటూ తాపీగా తింటోంది. భీమడోలు దాటే దాకా ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు.

"ఆ ఫ్రిజ్ లెక్క చేశావా?"

"చేశానండి."

అంతే, ఆగిపోయింది. అది ఆ రోజు పేపర్లో వచ్చిన మాయలమారి లెక్క. ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు గడ్డకడితే, ఆ వంటగదిలోకి మొత్తం ఎంత వేడి వస్తుంది అని అడిగాడు. నీళ్లలోంచి లాగేసిన వేడి చెప్పి ఊరుకునే వాళ్లు చాలామంది. మోటారు చేసే పని కూడా వేడిగా మారి గదిలోకే వస్తుంది. మధ్యాహ్నమంతా నేను దాన్ని కాగితం లేకుండా మనసులోనే చేసుకున్నాను. ఇన్నేళ్లు చెప్పిన పాఠమే. అయినా ఆ పని లెక్కకట్టేటప్పుడు కింద వెయ్యాల్సింది గది ఉష్ణోగ్రతో, మంచు ఉష్ణోగ్రతో ఒక్క క్షణం తికమకపడి, ఒకదాన్ని వేసేశాను.

"నాకెంతొచ్చిందో తెలుసా?" అని, నాకొచ్చిన జవాబు చెప్పాను.

చెప్పి ఆగాను. పిల్ల జామకాయ నమలడం ఆపింది. కళ్లు కొంచెం చిన్నవి చేసింది. నేను ముందుకి వంగి, రైటా కాదా అని ఆ పిల్ల మొహంలోకి చూస్తున్నాను. కనుబొమ కదిలిందా? పెదవి బిగుసుకుందా? కెమిస్ట్రీ మేడం చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

పిల్ల మొహంలో ఏమీ లేదు.

"ముందు ఎలా చేశారో చెప్పండి మేడం" అంది నెమ్మదిగా. "మొదట్నుంచి. ఏమిచ్చాడు, ఏమడిగాడు?"

నేను సర్దుకుని కూర్చుని, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.